‘సుడో పిప్‌తో పైటెస్ట్ ఒక్కసారి వేస్తే చాలు’: ఈ సలహా ఎందుకు పనికిరాదంటే

పైథాన్ నేర్చుకునేవాళ్ల గ్రూపుల్లో ఒక సలహా తెగ తిరుగుతోంది. కోడ్‌ని పరీక్షించే పైటెస్ట్‌ని, ప్యాకేజీలు వేసే పిప్‌తో, సుడో (అడ్మిన్ హక్కులు) వాడి సిస్టమ్ మొత్తానికి వేసుకోమంటుంది; ఒక్కో ప్రాజెక్టు ప్యాకేజీలని విడిగా ఉంచే ఫోల్డరు, అంటే వర్చువల్ ఎన్విరాన్‌మెంట్, వద్దంటుంది. “ప్రతి ప్రాజెక్టుకీ వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ దండగ. లినక్స్‌లో ‘సుడో పిప్ ఇన్‌స్టాల్ పైటెస్ట్’ అని ఒక్కసారి కొడితే అన్నిటికీ పనిచేస్తుంది. ఎర్రర్ వస్తే ‘--బ్రేక్-సిస్టమ్-ప్యాకేజెస్’ తగిలించండి. వెర్షన్ ఎప్పుడైనా మార్చుకోవచ్చు, వద్దంటే అన్‌ఇన్‌స్టాల్‌తో మొత్తం పోతుంది.” ఇందులో ఒక్క ముక్కా నిలబడదు.

“అన్నిటికీ పనిచేస్తుంది.” పైటెస్ట్ మీ కోడ్‌ని బయట నిలబడి పరీక్షించదు. టెస్టు ఫైళ్లనీ, అవి పిలిచే మాడ్యూళ్లనీ తాను నడుస్తున్న పైథాన్‌లోకే ఇంపోర్ట్ చేసుకుంటుంది. ఫ్లాస్క్ (వెబ్ లైబ్రరీ) ప్రాజెక్టు ఎన్విరాన్‌మెంట్‌లో ఉండి, పైటెస్ట్ సిస్టమ్‌లో ఉంటే ‘మాడ్యూల్ నాట్ ఫౌండ్ ఎర్రర్’ తప్పదు. పైగా సిస్టమ్‌లో వేసిన పైటెస్ట్ ప్లగిన్లు (అదనపు భాగాలు) ఆ పైథాన్‌తో నడిపే ప్రతి ప్రాజెక్టులోనూ అడక్కుండానే లోడ్ అవుతాయి.

ఇంకో చిక్కుంది. ఎన్విరాన్‌మెంట్ యాక్టివేట్ చేసి, అందులో పైటెస్ట్ వేయకముందే ఒకసారి ‘పైటెస్ట్’ కొట్టారనుకోండి. సిస్టమ్ పైటెస్ట్ దారిని బాష్ (టెర్మినల్‌లో మన కమాండ్లని నడిపే షెల్) గుర్తుపెట్టుకుంటుంది. తర్వాత లోపల పైటెస్ట్ వేసినా ఆ టెర్మినల్‌లో పాతదే నడుస్తుంది. ‘విచ్ పైటెస్ట్’ కొత్త దారే చూపించి ఇంకా అయోమయంలో పడేస్తుంది. నిజం చెప్పేది ‘టైప్ పైటెస్ట్’. ‘హ్యాష్ -ఆర్’ కొడితే బాష్ ఆ పాత దారిని మరిచిపోతుంది, అది చాలు. అసలు ‘పైథాన్ -ఎమ్ పైటెస్ట్’ అని నడపడం అలవాటైతే ఈ గొడవే ఉండదు. అయితే అలా నడిపినప్పుడు ప్రస్తుత ఫోల్డరు కూడా ఇంపోర్ట్ దారిలో చేరుతుంది. ఒక పద్ధతిలో పాసైన టెస్టు రెండో దాంట్లో ఇంపోర్ట్ దగ్గరే ఆగిపోతే ముందు అనుమానించాల్సింది దీన్నే.

“ఎర్రర్ వస్తే ఫ్లాగ్ తగిలించండి.” డెబియన్ 12, ఉబుంటు 23.04 నుంచి వస్తున్న ఆ ఎర్రర్, సిస్టమ్ పైథాన్‌లో పిప్ నేరుగా ప్యాకేజీలు వేయకుండా పెప్ 668 (పైథాన్ ప్రమాణ పత్రం) ప్రకారం కావాలని పెట్టిన అడ్డు. ఆప్ట్ (ఈ లినక్స్‌ల సొంత ప్యాకేజీ పనిముట్టు) వేసినవి పిప్‌కి సొంతం కావు, పిప్ వేసినవి ఆప్ట్‌కి తెలియవు. సుడో పిప్ రాసే ‘/యూఎస్ఆర్/లోకల్’ కింది ఫోల్డరు ఇంపోర్ట్ వరసలో ఆప్ట్ ఫోల్డరు కంటే ముందుంటుంది. అక్కడికి వేరే వెర్షన్ డిపెండెన్సీ (ఒక ప్యాకేజీ నడవడానికి కావాల్సిన మరో ప్యాకేజీ) చేరితే, పైథాన్‌లో రాసిన సిస్టమ్ పనిముట్లు కూడా దాన్నే ఎత్తుకుంటాయి. సిస్టమ్ మొత్తానికి కావాలనుకుంటే ‘సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ పైథాన్3-పైటెస్ట్’ ఉండనే ఉంది.

“వెర్షన్ మార్చుకోవచ్చు.” ఒక్క పైథాన్‌లో ఒక్క పైటెస్టే ఉంటుంది. నోస్ (పాత టెస్టింగ్ పనిముట్టు) శైలి ‘సెటప్’ మెథడ్లకి మద్దతు 8.0లో తీసేశారు. వాటి మీద ఆధారపడ్డ పాత ప్రాజెక్టుకి 7, కొత్తదానికి 8 కావాలంటే రోజూ మార్చుకుంటూ కూర్చోవాలి.

వెర్షన్ అడిగేటప్పుడు కోట్స్ మరవకండి. ‘పిప్ ఇన్‌స్టాల్ పైటెస్ట్<8’ అని కోట్స్ లేకుండా కొడితే, 8 అనే ఫైలు లేదని బాష్ ఎర్రర్ ఇస్తుంది, అది నయం. ‘పైటెస్ట్>=8’ అని కొడితే ఎర్రరే రాదు. బాష్ ‘=8’ అనే ఫైలు పుట్టించి, పిప్ అవుట్‌పుట్ అంతా అందులో పోస్తుంది. పిప్‌కి చేరేది షరతులేని ‘పైటెస్ట్’ మాత్రమే. అది ముందే ఉంటే పాత వెర్షన్ అలాగే ఉండిపోతుంది. ఫోల్డరులో ఆ పేరుతో ఫైలు కనిపిస్తే జరిగింది ఇదే.

“అన్‌ఇన్‌స్టాల్‌తో మొత్తం పోతుంది.” పోదు. పైటెస్ట్ పోతుంది గానీ దాంతో వచ్చిన ప్లగ్గీ, ఇనికాన్ఫిగ్ అనే ప్యాకేజీలు మిగిలిపోతాయి.

ఇక దండగ అన్న మాట. చేయాల్సింది ‘పైథాన్3 -ఎమ్ వెన్వ్ .వెన్వ్’, ‘సోర్స్ .వెన్వ్/బిన్/యాక్టివేట్’, ‘పైథాన్ -ఎమ్ పిప్ ఇన్‌స్టాల్ పైటెస్ట్’. ఈ మూడు లైన్లే. డెబియన్, ఉబుంటుల్లో మొదటిది ఆగిపోతే ‘పైథాన్3-వెన్వ్’ ప్యాకేజీ వేయండి. ఒకసారి దించిన ఫైళ్లు పిప్ కాష్‌లో ఉంటాయి కాబట్టి, అదే వెర్షన్‌ని రెండో ప్రాజెక్టులో వేసేటప్పుడు డేటా మళ్లీ ఖర్చు కాదు. వద్దనుకున్న రోజు .వెన్వ్ ఫోల్డరు చెరిపేస్తే ప్లగ్గీతో సహా అన్నీ పోతాయి.