రేవు ఆపిన ఇసుకకు రేవే ఖర్చు పెట్టాలి

విశాఖ ఆర్కే బీచ్‌లో కోత పడినప్పుడల్లా నగరంలో రెండు మాటలు వినిపిస్తాయి. గోడ కట్టేయమని కొందరంటారు. సముద్రపు అడుగు తవ్వే ఓడ, అంటే డ్రెడ్జర్‌తో ఇసుక తెచ్చి పోయడం బూడిదలో పోసిన పన్నీరు, ఆ డబ్బు ఇంకో పనికి వాడమని మరికొందరంటారు. రెండూ పొరపాటే. ఆర్కే బీచ్‌కు ఇసుక పోయడం సుందరీకరణ కాదు, పర్యాటకుల కోసం చేసే ముచ్చటా కాదు. సముద్రం తనంతట తాను చేసుకునే పనిని మధ్యలో ఆపినందుకు, ఆపిన విశాఖ రేవు చేయాల్సిన నిర్వహణ అది. అయితే ఆ ఖర్చు ఎవరి పద్దులో ఉండాలి, ఎంత ఇసుక పడిందో ఎవరు కొలవాలి అన్న రెండు విషయాలూ ఇన్నేళ్ళూ అస్పష్టంగానే నడిచిపోతున్నాయి. వాటిని తేల్చాల్సిన సమయం వచ్చింది.

మన తీరంలో ఇసుక నిలకడగా ఉండదు. మార్చి నుంచి అక్టోబరు దాకా నైరుతి అలలు ఏటవాలుగా వచ్చి కొట్టడంతో ఇసుక తీరం వెంబడి ఉత్తరానికి నడుస్తుంది. ఈశాన్య రుతుపవనాల నెలల్లో కొంత వెనక్కి, దక్షిణానికి వస్తుంది. కూడికలూ తీసివేతలూ పోగా ఏటా నికరంగా ఉత్తరానికి పోయేదే ఎక్కువ. విశాఖలో ఆ నడకకు అడ్డంగా, డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కన రేవు ముఖద్వారం ఉంది. 1933లో రేవు మొదలైనప్పుడే ఇంజనీర్లకు ఈ చిక్కు తెలుసు. జానస్, వెల్లెడ్సన్ అనే రెండు పాత ఓడలను రాళ్ళతో నింపి ముంచి అలలకు, ఇసుకకు అడ్డుకట్ట వేశారంటే అందుకే. 1976లో ఔటర్ హార్బర్ వచ్చింది. అలలను ఆపే పొడవైన రాతికట్టలు, అంటే బ్రేక్‌వాటర్లు, సముద్రంలోకి చొచ్చుకెళ్ళాయి. దక్షిణం నుంచి వచ్చే ఇసుక ఓడల దారిలో మేట వేయకుండా అక్కడే పట్టి ఆపడానికి ఇసుక గుంట తవ్వారు. ఏటా నిండే ఆ గుంటను ఖాళీ చేసి ఆ ఇసుకను ఉత్తరాన ఉన్న బీచ్‌కు అందించాలన్నది మొదటి నుంచీ ఉన్న ఏర్పాటే. అందించే పరిమాణం మాత్రం ఏటా ఒకేలా ఉండదు. తగ్గిన ఏడు బీచ్ రోడ్డు అంచు కనిపెట్టి చెబుతుంది.

తుపాను కోతను, రేవు కోతను ఒకే గాటన కట్టడం వల్లే నిధుల చర్చ దారి తప్పుతోంది. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ లాంటి తుపాను లాక్కెళ్ళిన ఇసుకలో పెద్ద భాగం తీరానికి ఎదురుగా, నీటి అడుగున దిబ్బగా చేరుతుంది. సముద్రం నెమ్మదించాక పొడుగాటి అలలు దానిలో కొంత తిరిగి ఒడ్డుకు తోస్తాయి. బ్రేక్‌వాటర్ దగ్గర ఆగిపోయిన ఇసుక అలా తిరిగి రాదు. ఆ లోటు ఏటికేడు పెరుగుతుంది. లోటు పెరిగిన తీరానికి తుపాను వస్తే దెబ్బ రెట్టింపవుతుంది. 2021 డిసెంబరులో జవాద్ తుపాను తీరం దాటకుండానే బలహీనపడినా బీచ్ పక్కన పిల్లల పార్కు కుంగిపోయింది. తుపాను నష్టానికి విపత్తు నిధి ఉంది. రేవు వల్ల వచ్చే లోటుకు విపత్తు నిధి అడగడం మాత్రం సబబు కాదు, ఎందుకంటే అది విపత్తు కాదు, ఏటా వచ్చే బిల్లు.

ఆ బిల్లు ఎంతో లెక్క కట్టడం కష్టం కాదు. బీచ్‌ను ఒక మీటరు వెడల్పు చేయాలంటే పైకి కనిపించే ఇసుక ఒక్కటే పోస్తే చాలదు. అలలు ఇసుకను కదిలించగల లోతు దాకా అడుగు మొత్తం ఒక మీటరు ముందుకు జరగాలి. ఒడ్డు మెట్ట నీటి మట్టానికి 3 మీటర్ల ఎత్తు, కదలిక ఆగే లోతు 7 మీటర్లు అనుకుంటే, తీరం పొడవునా ప్రతి మీటరుకూ 10 ఘనపు మీటర్ల ఇసుక కావాలి. రెండు కిలోమీటర్ల తీరాన్ని 20 మీటర్లు ముందుకు జరపాలంటే 4 లక్షల ఘనపు మీటర్లు. ఘనపు మీటరుకు 400 రూపాయలు పడుతుందనుకుంటే 16 కోట్లు. డ్రెడ్జర్‌ను రప్పించి, పైపులు పరిచి, తిరిగి పంపే ఖర్చు దీనికి అదనం. లక్ష ఘనపు మీటర్లు పోసినా, నాలుగు లక్షలు పోసినా ఆ అదనపు ఖర్చు దాదాపు ఒక్కటే. అందుకే కోత పడ్డాక హడావిడిగా డ్రెడ్జర్‌ను పిలవడం అన్నిటికన్నా ఖరీదైన పద్ధతి. రేవు తన కాలువ పూడిక తీయించే కాంట్రాక్టులోనే ఈ పనినీ కలిపి, అయిదేళ్ళకు ఒకేసారి ధర కుదుర్చుకుంటే ఆ భారం బాగా తగ్గుతుంది.

ఇక కొలతల సంగతి. ప్రజాధనం కారిపోయేది ఇక్కడే. బిల్లు సాధారణంగా డ్రెడ్జర్ హాపర్‌లో, అంటే ఓడ లోపలి తొట్టిలో, ఎంత ఇసుక నిండిందన్న లెక్క మీద నడుస్తుంది. కానీ 5 వేల ఘనపు మీటర్ల హాపర్ నిండిందంటే 5 వేల ఘనపు మీటర్ల ఇసుక బీచ్‌కు చేరినట్టు కాదు. హాపర్‌లో ఇసుకతో పాటు నీరుంటుంది. నింపేటప్పుడు పైనుంచి పొర్లే నీటితో సన్న రేణువులు సముద్రంలోకే పోతాయి. ఒడ్డున పోశాక మరికొంత సన్న ఇసుక అలలకు తేలిపోతుంది. కాబట్టి డబ్బు చెల్లించాల్సింది ఓడలో కొలతకు కాదు, తీరం మీద కొలతకు. బీచ్ రోడ్డు నుంచి 8 మీటర్ల లోతు దాకా ప్రతి 50 మీటర్లకూ ఒక అడ్డకోత, అంటే ఒడ్డు నుంచి లోపలికి ఎత్తుపల్లాలు చూపే గీత, గీసి పని ముందు, పని అయిన వారంలో, తర్వాతి నైరుతి ముగిశాక, మళ్ళీ ఏడాదికి కొలవాలి. వీటిలో మొదటి రెండే బిల్లుకు ఆధారం. అలలు తర్వాత చేసిన పనికి కాంట్రాక్టరును బాధ్యుణ్ణి చేయడం న్యాయం కాదు. మిగతా రెండూ తర్వాతి ఏడు ఎంత పోయాలో చెప్పడానికి.

కొలవడంలో తప్పు ఎక్కడ దొర్లుతుందో కూడా తెలిసిందే. మనిషి నడవలేని, పడవ రాలేని పట్టీ ఒకటుంటుంది, అలలు విరిగే చోటు. ఒడ్డు మీద సర్వే ఒకరు, లోతు సర్వే ఇంకొకరు చేసి, మధ్యలో ఖాళీని కాగితం మీద గీతతో కలిపేస్తారు. రెండు కిలోమీటర్ల పొడవు, 300 మీటర్ల వెడల్పున్న పట్టీలో లోతు 10 సెంటీమీటర్లు తప్పితే 60 వేల ఘనపు మీటర్ల ఇసుక లేకుండానే ఉన్నట్టో, ఉండీ లేనట్టో అవుతుంది. మనం పైన వేసుకున్న ధరకు అది 2 కోట్ల 40 లక్షలు. పోటు సమయంలో చిన్న పడవతో లోపలికి వచ్చి, పాటు సమయంలో నడిచి వెళ్ళి, రెండు కొలతలూ ఒకదాని మీద ఒకటి పడేలా చేస్తే ఈ ఖాళీ మూసుకుంటుంది. మరో మెలిక: రేవు పటాలు ఒక నీటి మట్టాన్ని సున్నాగా తీసుకుంటాయి, నగర సర్వే సగటు సముద్ర మట్టాన్ని తీసుకుంటుంది. సవరించకుండా కలిపితే లెక్కంతా తారుమారు. ఈ సర్వేను రేవూ కాదు, డ్రెడ్జింగ్ సంస్థా కాదు, మూడో పక్షం చేయాలి. ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉన్న ఊళ్ళో, జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉన్న ఊళ్ళో మనుషుల కొరత ఉందని ఎవరూ అనలేరు.

దీని మీద మేం ఇంతగా పట్టుబట్టడానికి ఇంకో కారణం ఉంది. విశాఖలోనే ప్రధాన కార్యాలయం ఉన్న డ్రెడ్జింగ్ కార్పొరేషన్‌లో కేంద్రం తన 73 శాతానికి పైగా వాటాను 2019లో విశాఖ, పారాదీప్, జవహర్‌లాల్ నెహ్రూ, దీన్‌దయాళ్ రేవులకు అమ్మింది. పని చేయించుకునే రేవు, పని చేసే సంస్థలో యజమాని కూడా. ఇందులో తప్పేమీ లేదు. కానీ ఒకే ఇంట్లో ఇచ్చిపుచ్చుకునే చోట కొలమానం బయటివాళ్ళ చేతిలో ఉండాలి.

ఇసుక ఎలాంటిదన్నది పరిమాణమంత ముఖ్యం. బీచ్ సహజ ఇసుక కంటే సన్నదైతే వాలు చదునవుతుంది, అదే వెడల్పుకు ఎక్కువ పోయాలి, పోసింది త్వరగా కదిలిపోతుంది. సమానంగానో, కాస్త ముతకగానో ఉంటే నిలుస్తుంది. అందుకే ఇసుక గుంట నుంచి తీసింది పనికొస్తుంది. మేఘాద్రిగెడ్డ నీళ్ళు కలిసే ఇన్నర్ హార్బర్ బురద ఎట్టి పరిస్థితిలోనూ బీచ్‌కు రాకూడదు. గుంట నుంచి వచ్చిన ఇసుక మొదట బూడిద రంగులో, కాస్త వాసనతో ఉంటే కంగారు పడనక్కర్లేదు. అడుగున గాలి తగలక అలా ఉంటుంది, ఎండకు, వానకు కొద్ది రోజుల్లో తేటపడుతుంది.

పోసిన ఏడాదే బీచ్ చిక్కిపోయిందని ఫొటోలు తీసి గగ్గోలు పెట్టడం మా పత్రికలతో సహా అందరికీ అలవాటు. డ్రెడ్జర్ పోసిన వాలు నిటారుగా ఉంటుంది. మొదటి వర్షాకాలంలోనే అలలు దాన్ని సాపు చేసి ఇసుకను నీటి అడుగుకు పరుస్తాయి. పొడి ఇసుక వెడల్పు సగం దాకా తగ్గినా ఆశ్చర్యం లేదు. అడుగున పరుచుకున్న ఇసుక అలలను దూరంగానే విరిచి రోడ్డును కాపాడుతుంది. కొలవాల్సింది కంటికి కనిపించే వెడల్పు కాదంటున్నది అందుకే. ఈ దశలో నిజంగా జాగ్రత్త పడాల్సింది అలలు కోసిన నిలువు గట్ల విషయంలో. మీటరు, మీటరున్నర గట్టు నిలబడితే పిల్లలు జారిపడతారు, తాబేళ్ళు ఎక్కలేవు. డోజర్‌తో వెంటనే చదును చేయించే షరతు కాంట్రాక్టులో ఉండాలి. కొత్త ఇసుక వాలు తేరుకునే దాకా ఒడ్డు పక్కనే లోతు ఎక్కువ. స్నానాలను ఆపే అధికారం, గజ ఈతగాళ్ళ కాపలా ఆ నెలలకు తప్పనిసరి.

ఇసుక పోయకముందు చేయాల్సిన పని ఒకటుంది, దాన్ని ఎప్పుడూ మరిచిపోతారు. నగర కాలువలు నేరుగా బీచ్ మీదికి తెరుచుకుంటాయి. ఒక్క పెద్ద వానకు ఆ నీళ్ళు కొత్త ఇసుకను చీల్చుకుని వాగులా పారతాయి, కోట్లు పెట్టి పోసిన ఇసుక గంటల్లో సముద్రం పాలవుతుంది. వాటిని మళ్ళించడం విశాఖ నగరపాలక సంస్థ (జీవీఎంసీ) బాధ్యత. నగరపాలక సంస్థ వాటా డబ్బు ఇక్కడ పెట్టాలి, డ్రెడ్జర్ అద్దెకు కాదు.

ఎప్పుడు పోయాలన్నది తేలిక ప్రశ్న కాదు. ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఈ ఒడ్డుకు గుడ్లు పెట్టడానికి వస్తాయి. అక్టోబరు, నవంబరు తుపాను నెలలు. వర్షాకాలంలో సముద్రం డ్రెడ్జర్‌ను ఒడ్డుకు రానివ్వదు. తుపాను ముప్పు కొంత ఉన్నా, మిగిలింది నవంబరు మధ్య నుంచి డిసెంబరు ఆఖరు దాకా. అప్పటికి గుంట కూడా నిండి ఉంటుంది. తుపాను హెచ్చరిక వస్తే పని ఆగుతుంది, ఆ రోజులకు డ్రెడ్జర్ ఖాళీ అద్దె ఎవరిదో ముందే రాసుకోవాలి. ఆ నెలల్లో ప్రవాహం దక్షిణానికి తిరుగుతుంది కాబట్టి బ్రేక్‌వాటర్‌కు మరీ ఆనించి పోస్తే ఇసుక రేవు ముఖానికే తిరిగొస్తుంది. తేలే పైపులు పరిచిన రోజుల్లో జాలరిపేట వాళ్ళు పడవలు దించలేరు, ఒడ్డు మీంచి అలివి వల లాగలేరు. వాళ్ళ కూలి నష్టాన్ని దయగా కాక అంచనా పట్టికలో ఒక వరుసగా చేర్చాలి.

ఇతర దేశాలు ఈ ఖర్చును దాచుకోలేదు. నెదర్లాండ్స్ 1990లో తన తీరరేఖను నిలబెట్టుకోవాలని నిర్ణయించింది. 2001 నుంచి ఏటా సుమారు కోటీ 20 లక్షల ఘనపు మీటర్ల ఇసుకను జాతీయ బడ్జెట్ నుంచే పోస్తోంది. ఆస్ట్రేలియాలో ట్వీడ్ నది ముఖద్వారం దగ్గర జెట్టీ మీద అమర్చిన పంపులు 2001 నుంచి ఇసుకను నది దాటించి గోల్డ్‌కోస్ట్ బీచ్‌లకు పంపుతున్నాయి, ఏటా సుమారు 5 లక్షల ఘనపు మీటర్లు. న్యూ సౌత్ వేల్స్, క్వీన్స్‌లాండ్ రాష్ట్రాలు కలిసి భరిస్తున్నాయి. మన దగ్గర 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి కోత నివారణకు 1,500 కోట్లు, కోతకు ఊళ్ళు కోల్పోయినవారి పునరావాసానికి 1,000 కోట్లు సూచించింది. అదీ నదుల కోతకు, సముద్రపు కోతకు కలిపి. జాతీయ తీర పరిశోధన కేంద్రం 1990-2018 అధ్యయనం ప్రకారం ప్రధాన భూభాగపు తీరంలో మూడో వంతు, ఆంధ్రలో 28.7 శాతం కోతకు గురవుతోంది. అలాంటి కొద్ది డబ్బును కాకినాడ దగ్గరి ఉప్పాడ లాంటి చోట్లకు ఉంచాలి. ఉప్పాడలో బాధ్యులు ఒక్కరే అని వేలు చూపలేం. గోదావరి తెచ్చే ఒండ్రు ఆనకట్టల వెనక ఆగింది, హోప్ ఐలాండ్ ఇసుక తిన్నె పెరిగి అలల దారి మారింది. ఇసుక నింపిన పెద్ద గుడ్డ గొట్టాలు (జియోట్యూబులు), బండరాళ్ళతో కట్టిన రక్షణ తుపానులకు పదే పదే చెదిరింది. అలాంటి ఊరికి ప్రజాధనం న్యాయం. లాభనష్టాల ఖాతా ఉన్న రేవు పక్కన బీచ్‌కు కాదు.

రాష్ట్రంలో మూలపేట, మచిలీపట్నం, రామాయపట్నం కొత్త రేవులు వస్తున్నాయి. జువ్వలదిన్నె నుంచి ఉప్పాడ దాకా చేపల రేవులూ బ్రేక్‌వాటర్లతోనే లేచాయి. ప్రతి దాని ఉత్తరాన ఏ ఊరి ఒడ్డు కరుగుతుందో ఇవాళే పటం మీద గీయొచ్చు. ఆ ఒప్పందాల్లో ఇసుక దాటించే షరతు చేర్చాలి. మొదటి ఓడ రాకముందు రెండేళ్ళ అడ్డకోతల సర్వే, ఏటా దాటించాల్సిన పరిమాణం, తప్పితే ఘనపు మీటరుకు ఇంత జరిమానా అని అంకెలతో రాయాలి. విశాఖ పోర్ట్ అథారిటీ విషయంలో కొత్త చట్టం అవసరం లేదు. వచ్చే బడ్జెట్‌లో ఇసుక గుంట, బీచ్‌కు ఇసుక పోయడం రెండూ ఒకే పద్దు కింద చూపి, సర్వే అడ్డకోతలను నైరుతి ముగిసిన నెలలోపు ప్రజల ముందు పెడితే చాలు.