కమాన్ బుష్: గన్‌మెటలా, నైలానా?

విజయవాడ ఆటోనగర్‌లో పాత లారీ కమాన్ కట్టలు (బండి బరువు మోసే ఇనప పట్టీల స్ప్రింగులు) విప్పిన చోటల్లా వినపడే గొడవ ఇది. మెయిన్ పట్టీ చివర గుండ్రంగా చుట్టి ఉంటుంది కదా, దాన్ని బండికి పట్టి ఉంచే పిన్ను ఆ చుట్టలోంచే పోతుంది. పిన్నుకీ చుట్టకీ మధ్య గొట్టంలా ఉండేది బుష్. ఏ బుష్ దిగ్గొట్టాలి? గ్రీజు అడిగే గన్‌మెటలా, గ్రీజే అక్కర్లేదని అమ్మే నైలానా, కొత్త బండ్లకి కంపెనీ నుంచే వస్తున్న రబ్బరా? ఒక పక్క మేస్త్రి, ఇంకో పక్క సొంత బండిని తనే తోలుకునే ఓనరు. బండి తొంభైల నాటి ఆరు చక్రాల లారీ, ఎక్కువగా కైకలూరు వైపు చేపల చెరువులకి మేత తోలుతుంది. ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టాను. మధ్యలో బ్రాకెట్లలో నోరు పెట్టేది నేను.

ఓనరు: బాబాయ్, ఈసారి గన్‌మెటల్ నాకొద్దు, నైలాన్ వేసి పంపించెయ్. పోయిన ఏడాది ఫిట్‌నెస్‌కి ముందు వేయించినవి అప్పుడే వదులైపోయాయి. బ్రేకు కొడితే కింద టక్కుమంటోంది, స్టీరింగు ఒక పక్కకి లాగుతోంది, ముందు టైరు లోపలి అంచు చూస్తే ఏడుపొస్తోంది.

మేస్త్రి: బుష్‌ని తిట్టే ముందు ఆ పిన్ను ఇటు తిప్పి చూడు. ఒక పక్క కొత్తగానే ఉంది. బరువు పడే పక్క వేలు పెడితే మెట్టు తగులుతోంది, చూశావా? గ్రీజు వచ్చే బెజ్జంలో పుల్ల పెట్టి గీకితే ఎండిన మట్టి రాలింది. గ్రీజు ఎక్కించే ఆ నిప్పిల్ మూతి మీద గ్రీజు గన్ను పెట్టి ఎన్నాళ్ళయిందిరా?

ఓనరు: నేను చెప్పేదీ అదే కదా. ఎవరు పెడతారు? మా నాన్న తోలినప్పుడు పక్కన క్లీనర్ ఉండేవాడు. లోడు దించుతుంటే వాడు గ్రీజు గన్ను పట్టుకుని బండి కింద దూరేవాడు, అటూ ఇటూ ఒక్క నిప్పిల్ వదిలేవాడు కాదు. ఇప్పుడు కిరాయిలో క్లీనర్ జీతం మిగలట్లేదు. డ్రైవర్నీ నేనే, క్లీనర్నీ నేనే, గుమాస్తానీ నేనే. రాత్రంతా తోలి పొద్దున్నే బురదలో పడుకుని గ్రీజు కొట్టమంటే నా వల్ల కాదు. గ్రీజు లేకపోతే నీ గన్‌మెటల్ ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

మేస్త్రి: గ్రీజు లేకుండా గన్‌మెటల్ బతకదు, ఒప్పుకుంటా. కానీ ఆ గ్రీజు పని జారుడు ఒక్కటే అనుకుంటున్నావు నువ్వు. కొత్త గ్రీజు లోపలికి పోతే పాతది రెండు చివరల నుంచీ నల్లగా బయటికొస్తుంది. వస్తూ వస్తూ నీళ్ళనీ, ఇసకనీ కూడా తెస్తుంది. నువ్వు తిరిగేది చెరువు గట్ల మీద, అక్కడ కొన్ని చెరువుల్లో ఉప్పు నీళ్ళు. నైలాన్ వేస్తే ఆ ఇసకని బయటికి తోసేది ఎవరు?

ఓనరు: నైలాన్‌కి తుప్పు పట్టదుగా.

మేస్త్రి: నైలాన్‌కి పట్టదు, పిన్నుకి పడుతుంది. పిన్ను ఇనుమే కదా! ఇంకోటి విను. నైలాన్ మెత్తన, ఇసక రేణువు వచ్చి అందులో కూరుకుపోతుంది. కూరుకుని ఊరుకోదు, తిరిగినప్పుడల్లా పిన్నుని గీకుతుంది. బుష్ అరగలేదని నువ్వు సంతోషపడుతుంటావు, లోపల పిన్ను సన్నబడుతూ ఉంటుంది. బుష్ చౌక, పిన్ను ఖరీదు. అరిగితే చౌకది అరగాలి గానీ.

(ఇక్కడ నా ఓటు మేస్త్రికే. పిన్ను పైన గట్టి పొర ఉండేలా చేస్తారు, బుష్‌ని దానికంటే మెత్తగా పెడతారు, ముందు బుష్షే పోవాలని. అయితే గన్‌మెటల్ పేరుతో అమ్మేదంతా గన్‌మెటల్ కాదు. పాత కొలత ప్రకారం రాగి 88 పాళ్ళు, తగరం 10, జింకు 2. ఆకురాయితో కాస్త రాస్తే లోపల ఎరుపు తిరిగిన రంగు కనపడాలి. పచ్చగా మెరిసిందంటే ఇత్తడి అంటగట్టారని అనుమానించాల్సిందే. ఓనరు బుష్‌లు ఏడాదికే వదులవడంలో గ్రీజు ఎగ్గొట్టిన పాపం ఎంతో, సరుకు పాపం ఎంతో ఇద్దరూ తేల్చలేదు.)

ఓనరు: సరే, నైలాన్ నీకు పడదు. మరి కొత్త బస్సుల్లో రబ్బరు బుష్‌లు వస్తున్నాయి, వాటికి నిప్పిలే ఉండదు. గ్రీజు గొడవ లేదు, చప్పుడు లేదు, కుదుపు కూడా తక్కువ. అవి ఎక్కించు.

మేస్త్రి: ఎక్కడ ఎక్కించను? టేపు తీసుకుని నువ్వే కొలువు. నీ పట్టీ చుట్టకీ పిన్నుకీ మధ్య ఉన్న సందు మూడు నాలుగు మిల్లీమీటర్లు. గన్‌మెటల్ పల్చటి గొట్టం కాబట్టి అందులో పడుతుంది. రబ్బరు దాంట్లో లోపల ఒక ఇనప గొట్టం, బయట ఇంకో గొట్టం, మధ్యలో రబ్బరు. అక్కడ పిన్ను మీద ఏదీ జారదు. బోల్టు బిగిస్తే లోపలి గొట్టం బ్రాకెట్‌కి అతుక్కుపోతుంది, కమాన్ ఆడినప్పుడల్లా రబ్బరే మెలి తిరుగుతుంది. అలా తిరిగి చిరక్కుండా ఉండాలంటే దానికి మందం ఉండాలి. అందుకే కొత్త బండ్లలో ఆ చుట్టే పెద్దదిగా చేస్తారు. నీకు రబ్బరు కావాలంటే మెయిన్ పట్టీ మార్చాలి, బ్రాకెట్ మార్చాలి, కమాన్ చివరని చాసిస్‌కి కలిపే షాకిల్ మార్చాలి. మారుస్తావా?

(లెక్క వేసి చూస్తే మేస్త్రి మాటకి బలం ఎక్కడిదో తెలుస్తుంది. 2018లో పెంచకముందు నాలుగు టైర్ల వెనక ఇరుసుకి అనుమతి 10.2 టన్నులు. ఇరుసు, చక్రాల సొంత బరువు ఓ టన్ను తీసేస్తే కమాన్ల మీద పడేది 9.2. కమాన్లు రెండు, ఒక్కోదానికి రెండు చివరలు, అంటే ఒక్కో చివర 2.3 టన్నులు. పిన్ను మందం 30 మిల్లీమీటర్లు, బుష్ పొడవు 80 అనుకుంటే చదరపు సెంటీమీటరుకి సుమారు 96 కిలోలు, అదీ బండి కదలకుండా నిలబడి ఉన్నప్పుడు. గోతిలో పడితే ఎంతవుతుందో చెప్పక్కర్లేదు. గన్‌మెటల్‌కి ఇది పెద్ద బరువు కాదు, పల్చటి రబ్బరు పొరకి మాత్రం చాలా ఎక్కువ. రబ్బరు ఉన్న బండ్ల వాళ్ళకి ఒక మాట: బండి జాకీల మీద ఉండగా ఆ బోల్టులు పూర్తిగా బిగించొద్దు. చక్రాలు నేల మీద పెట్టి, బరువు దిగాక బిగించాలి. లేకపోతే రబ్బరు మొదటి రోజు నుంచే మెలి పడి ఉంటుంది, తొందరగా చిరుగుతుంది. గ్రీజు అయితే అసలు పూయొద్దు, మామూలు రబ్బరు నూనె తగిలితే ఉబ్బుతుంది.)

ఓనరు: మరి ఎర్రవి, పసుపువి వస్తున్నాయి, పాలీయురేథేన్ అంట. రబ్బరు కంటే గట్టి, రెండు ముక్కలుగా వస్తుంది, చేత్తోనే తోసెయ్యొచ్చంట.

మేస్త్రి: జీపులకీ, షోకు బండ్లకీ వేసుకోనీ. అది కూడా మందం అడిగేదే. పైగా దానికి వేరే సిలికాన్ గ్రీజు కావాలి, అది ఆరిపోయిందంటే కీచుమని మొదలెడుతుంది. గ్రీజు కొట్టలేకే కదా నువ్వు నా దగ్గరికొచ్చి ఇంత గోల చేస్తోంది?

ఓనరు: అంటే తిరిగి తిరిగి మళ్ళీ నీ గన్‌మెటల్‌కే తెస్తావు! బాబాయ్, నువ్వు చెప్పేవన్నీ గ్రీజు పడే బండి లెక్కలు. నా బండికి గ్రీజు పడదు, ఇంకో ఏడాదికైనా పడదు. గ్రీజు లేని గన్‌మెటల్, గ్రీజు లేని నైలాన్, రెండూ పక్కపక్కన పెట్టి చెప్పు. ఏది ఎక్కువ రోజులు ఉంటుంది?

(మంచి ప్రశ్న. ఏ సరుకు గొప్పదని అడగడం మానేసి, తను ఎలాగూ చెయ్యని పనిని లెక్కలోంచి తీసేశాక ఏది మిగులుతుందని అడిగాడు. మేస్త్రి కాసేపు మాట్లాడలేదు. నైలాన్‌కి తనంతట తనకే కొంత జారే గుణం ఉంది, ఎండిపోయిన గన్‌మెటల్ పట్టేసినట్టు అది పిన్నుని పట్టెయ్యదు.)

మేస్త్రి: ఎండబెడితే నైలానే నయం, కాదనను. కానీ నైలాన్ నీళ్ళు తాగుతుంది, తాగి ఉబ్బుతుంది. బిగుతుగా కొడితే వానాకాలంలో పిన్నుని పట్టేస్తుంది, వదులుగా కొడితే ఎండాకాలంలో ఆడుతుంది. ఎంత సందు వదలాలో చేతికి తెలియాలి. ఇంకో సంగతి మర్చిపోతున్నావు. నీ బ్రాకెట్లకి ఏడాదికోసారి వెల్డింగు పడుతోంది. నైలాన్ లోపల ఉండగా ఎవడో దారిలో గ్యాసు పెట్టాడా, కరిగి పిన్నుకి అంటుకుంటుంది. అప్పుడు సుత్తి తీసుకుని నా కాడికే వస్తావు.

ఓనరు: వెల్డింగ్ పెట్టే ముందు పిన్ను తీయమని చెప్తాలే. ఏడాదికోసారి పని అది. గ్రీజు వారం వారం పని.

మేస్త్రి: వారం వారం అక్కర్లేదు, నీ తిరుగుడికి రెండు వారాలకోసారి చాలు. కొట్టే పద్ధతిలో కొడితే. అందరూ బండి నేల మీదే ఉంచి గన్ను పెడతారు. బరువంతా పిన్ను మీద కూర్చుని ఉంటే, నలిగే పక్కకి గ్రీజు ఎలా పోతుంది? ఖాళీగా ఉన్న పక్క నుంచి బయటికొచ్చేస్తుంది, నువ్వేమో కొట్టేశానని గన్ను పక్కన పడేస్తావు. చాసిస్‌కి జాకీ పెట్టి కాస్త లేపు, చక్రం గాల్లోకి లేవక్కర్లేదు, కమాన్ మీద బరువు తేలితే చాలు. అప్పుడు నొక్కు. చుట్టూ తిరిగి రెండు చివరలా వస్తుంది.

ఓనరు: జాకీ కూడా పెట్టాలా? బాగానే ఉంది. గన్నుకే దిక్కు లేదంటే జాకీ అంటావు.

మేస్త్రి: సరే, ఇలా చేద్దాం. ముందు పక్క కమాన్లకి గన్‌మెటలే. అక్కడ నేను తగ్గను. స్టీరింగు అక్కడుంది, బ్రేకు కొడితే బరువంతా ముందుకే వస్తుంది, అక్కడ సందు పెరిగితే ఇరుసే పక్కకి జరుగుతుంది. పక్కకి మూడు చొప్పున ఆరు బుష్‌లు. ఆ ఆరింటికీ నువ్వు గ్రీజు కొట్టి తీరాలి. కిందకి పాకక్కర్లేదు, చక్రం తిప్పి పెట్టుకుంటే పక్క నుంచే చెయ్యి అందుతుంది. వెనక మాత్రం నీ ఇష్టం, నైలాన్ వేసుకో.

ఓనరు: బరువు ఎక్కువ ఉన్నది వెనకే కదా బాబాయ్? అక్కడ నైలాన్ ఆగుతుందా?

మేస్త్రి: ఇందాకటి నుంచీ నైలాన్ నైలాన్ అన్నది నువ్వే!

ఓనరు: అడుగుతున్నా అంతే.

మేస్త్రి: పర్మిట్ ఉన్నంత లోడు వేస్తే ఆగుతుంది. మేత బస్తాలు పైన ఇంకో వరస పేర్చావంటే నొక్కుకుపోయి గుండ్రం పోతుంది. మెట్టు పడ్డ పిన్నుల్లో మాత్రం ఏ బుష్షూ వెయ్యను, కొత్త పిన్నులు తెచ్చుకో. పాత పిన్నుకి కొత్త బుష్ కొట్టి పంపితే నెలకే వదులై వచ్చి నన్నే తిడతావు.

(వెనక నైలాన్ విషయంలో నేను ఎటూ చెప్పలేను. ఓనరు ఓవర్‌లోడు ఎత్తడని ఎంత నమ్మొచ్చో మేస్త్రికే బాగా తెలుసు, అయినా ఒప్పుకున్నాడు. ముందు గన్‌మెటల్ విషయంలో మాత్రం మేస్త్రి చెప్పిందే సరి.)

ఓనరు: పిన్నులు కూడానా! ఎన్ని?

మేస్త్రి: ముందు ఆరు ఎలాగూ. వెనకవి విప్పాక చెప్తా. అన్నట్టు బుష్ దిగ్గొట్టాక లోపల బెజ్జాన్ని కొలతకి గీకే రీమర్ తిప్పాలి, కొట్టినప్పుడు లోపలి బెజ్జం కాస్త బిగుస్తుంది. ఆ కూలి వేరే.

ఓనరు: అది కూడా వేరేనా?

మేస్త్రి: వేరే. రీమర్ తిప్పకుండా సుత్తితో పిన్ను దిగ్గొట్టేవాళ్ళు పక్క వీధిలో ఉన్నారు, చౌక కూడా, వెళ్తానంటే ఆపను. ఇక్కడికే వస్తే బండి కడిగించి తీసుకురా, ఆ చెరువు బురదతో వస్తే మా కుర్రాళ్ళు పానా కూడా ముట్టుకోరు.