ఘాటీలో హీటర్

సెలవు రోజు సరదాకని కొనే రెండో కారు వారంలో ఒక్కరోజే రోడ్డెక్కుతుంది. మిగతా ఆరు రోజులూ ఇంట్లో తగువులకి పనికొస్తుంది. అయినా ఒడిశాలోని జయపురం, కొరాపుట్, రాయగడ తెలుగిళ్ళలో ఈ జబ్బు పాకుతూనే ఉంది. వాళ్ళని పూర్తిగా తప్పుపట్టలేం. సాలూరు దాటాక సుంకి, పొట్టంగి మీదుగా కొరాపుట్‌కి ఎక్కే 26వ నంబరు జాతీయ రహదారి మలుపు మలుపుకీ మనిషిని రెచ్చగొడుతుంది. ఆఫీసుకెళ్ళే ఎత్తుపాటి డీజిల్ బండి అదే మలుపుల్లో ఒరిగి ఒరిగి పిల్లలకి వాంతులు తెప్పిస్తుంది.

జయపురం బావగారికి జబ్బు అమెరికా నుంచి అంటింది. తోడల్లుడు అక్కడ పాత మాజ్దా మియాటా ఒకటి కొని, ఫొటో కుటుంబం వాట్సాప్‌లో పెట్టాడు. 1989లో బయటికొచ్చిన ఆ మోడలు బరువు వెయ్యి కిలోల లోపు. రెండే సీట్లు, ఇంజను ముందు, లాగేది వెనక చక్రాలు, కప్పు చేత్తో మడిచెయ్యచ్చు. "దాన్ని మనూరికి తెప్పించేద్దాం" అన్నారు బావగారు. విదేశాల్లో వాడిన కారు మన దేశంలోకి రావాలంటే తయారై మూడేళ్ళు దాటకూడదు, స్టీరింగు కుడివైపుండాలి, ముంబై రేవులోనే దిగాలి. తోడల్లుడి బండికి స్టీరింగు ఎడమవైపు, వయసు బావగారి పెద్దకొడుక్కన్నా ఎక్కువ. సుంకాల లెక్క దాకా వెళ్ళే అవసరమే రాలేదు.

దాంతో దేశవాళీ సంబంధాలు వెతికారు. రెండు తేలాయి.

బరంపురంలో ఒక శాన్ స్టార్మ్. గోవాలో తయారైన బండి. రెండు సీట్లు, తెరిచే కప్పు, ఫైబర్‌గ్లాస్ ఒళ్ళు, రెనో వారి 1,149 సీసీ ఇంజను, 60 గుర్రాల శక్తి. తయారీ ఆగిపోయి చాలా ఏళ్ళయింది. ఇంజను సామాన్లు ఎక్కడో ఒకచోట దొరుకుతాయి గానీ, ముందు అద్దమో తలుపు రబ్బరో పోతే వెతుక్కోవడమే ఒక ఉద్యోగం.

విశాఖలో ఒక బలేనో ఆర్‌ఎస్. 2017లో వచ్చి 2020కల్లా ఆగిపోయింది. 998 సీసీ మూడు సిలిండర్ల టర్బో పెట్రోలు, 102 పీఎస్ శక్తి, 150 ఎన్‌ఎం టార్కు (చక్రాన్ని తిప్పే బలం), బరువు 950 కిలోలు, నాలుగు చక్రాలకీ డిస్కు బ్రేకులు. చూస్తే మాత్రం ట్యాక్సీ స్టాండులో బలేనోకీ దీనికీ పెద్ద తేడా కనిపించదు. బావగారికి దాని మీద ఉన్న ఏకైక అభ్యంతరం అదే. "ఐదు లక్షలెట్టి కొన్నాక ఎవడూ తిరిగి సూడకపోతే ఎలాగ?"

తనిఖీకి బావమరిది అయస్కాంతం పట్టుకొచ్చాడు. పద్ధతి మంచిదే. పల్చటి గుడ్డలో చుట్టి రేకు మీద జరిపితే, పట్టు జారిన చోట లోపల పుట్టీ ఉన్నట్టు. స్టార్మ్ బానెట్ మీద పెట్టాడు, జారిపోయింది. తలుపు మీద, జారిపోయింది. వెనక డిక్కీ మీద కూడా జారిపోయేసరికి రోడ్డు మీదే కేకేశాడు. "బావా, మోసం! రేకన్నదే లేదు, బండంతా పుట్టీయే!"

ఫైబర్‌గ్లాస్‌కి అయస్కాంతం అంటదు. అక్కడ చూడాల్సింది వేరే. రంగు మీద సాలెగూడులాంటి సన్నటి చీలికలున్నాయా అని ఏటవాలు వెలుతురులో చూడాలి. అవి ఒకే చుక్క నుంచి చుట్టూ పాకితే అక్కడ దెబ్బ తగిలినట్టు. అయస్కాంతంతో పని కింద ఇనుప చట్రం దగ్గర. బండి లేపి, ఒంటిని చట్రానికి బిగించిన బోల్టుల చుట్టూ స్క్రూడ్రైవరు మొనతో గట్టిగా పొడవాలి. బరంపురానికి గోపాల్‌పూర్ సముద్రం పట్టుమని ఇరవై కిలోమీటర్లు లేదు. ఆ ఉప్పుగాలి ఫైబర్‌ని ఏమీ చెయ్యదు గానీ ఇనుముని నిదానంగా తినేస్తుంది. పైన నిగనిగ, కింద పొరలు పొరలు.

ఈ ఒంటికి సొట్ట పడదు, పగులుతుంది. అంచేత డెంటింగ్ మేస్త్రి దగ్గరికి అసలు తీసుకెళ్ళకూడదు. ఆయన అలవాటు కొద్దీ సుత్తి తీసి ఒక్కటేస్తాడు, చీలిక కాస్తా కిటికీ అవుతుంది. దీనికి సరైన వైద్యుడు సముద్రం ఒడ్డున ఫైబరు తెప్పలు బాగుచేసేవాడు. చీలిక చుట్టూ నాలుగు వేళ్ళ మేర గీకి, గాజునార మ్యాట్ ముక్కలు పరిచి, వంద గ్రాముల రెసిన్‌కి (జిగురుకి) దాన్ని గట్టిపరిచే హార్డెనర్ ఒకటి రెండు గ్రాముల చొప్పున కలిపి పూస్తాడు. హార్డెనర్ ఎక్కువైతే రెసిన్ కాలి పెళుసెక్కుతుంది, తక్కువైతే జిగటగా ఉండిపోతుంది. వానాకాలం ఈ పని పెట్టుకోకపోవడం మంచిది.

ఆర్‌ఎస్ తనిఖీ మరో రకం. తాళం తిప్పి, ఇంజను స్టార్టు చెయ్యకముందు, ఇంజన్లో లోపముంటే చెప్పే చెకింజన్ లైటు వెలగాలి, స్టార్టయ్యాక ఆరిపోవాలి. ముందు కూడా వెలగలేదంటే అమ్మేవాడు ఆ లైటునే నోరు నొక్కేశాడన్నమాట. తర్వాత బండి కంప్యూటర్లో లోపాలు చదివే స్కానరు పెట్టాలి. లోపాలేవీ లేవని చూపించినా సంబరపడిపోకూడదు. లోపల చేసుకునే స్వీయ పరీక్షలు ఇంకా పూర్తి కాలేదని చూపిస్తే, నిన్న రాత్రే ఎవరో లోపాల చిట్టా చెరిపేసి ఉండచ్చు. యాభై, వంద కిలోమీటర్లు తిప్పి మళ్ళీ చూడాలి. టైరు పక్కన నాలుగంకెల ముద్ర చదవాలి. 1417 అంటే 2017లో 14వ వారం. టైరు మీద గాడులు ఎంత లోతున్నా అంత పాత రబ్బరు తడి రోడ్డు మీద పట్టు చూపించదు, తేలికబండికి మరీను.

ట్రయలుకి అందరూ జూన్ ఆదివారం పొద్దున్న సాలూరులో కలిశారు. స్టార్మ్ ఆసామి బరంపురం నుంచి అంతదూరం తనే నడుపుకుంటూ వచ్చాడు. "సూడండి బాబూ, దార్లో సూది కదల్లేదు!" అని ఉష్ణోగ్రత మీటరు చూపించాడు. నిజమే, కదల్దు. హైవే మీద డెబ్బైలో పోతుంటే ఎదురుగాలే రేడియేటరుని చల్లబరుస్తుంది, ఫ్యానుతో పనుండదు.

స్టార్మ్ స్టీరింగు బావగారు పట్టారు. పక్క సీట్లో అత్తగారు. "గాలి తగుల్తాది" అని ఆవిడే ముచ్చటపడ్డారు. మిగతా వాళ్ళూ, ఇద్దరు ఆసాములూ ఆర్‌ఎస్‌లో ముందు వెళ్ళిపోయారు.

సుంకి దాటాక బరువు లారీ అడ్డొచ్చింది. మొదటి గేరు, రెండో గేరు, పది కిలోమీటర్ల వేగం. ఎదురుగాలి లేదు. సూది లేవడం మొదలెట్టింది. ఆగడానికి చోటు లేదు, వెనక వరస. బావగారికి ఎప్పుడో విన్న సంగతి గుర్తొచ్చి హీటరూ దాని ఫ్యానూ పూర్తిగా తిప్పేశారు. అది సరైన పనే. హీటరంటే డ్యాష్‌బోర్డు వెనకున్న బుల్లి రేడియేటరు, ఇంజను వేడిలో కొంత వాటా అది లాగేస్తుంది. లాగినదాన్ని మాత్రం అత్తగారి కాళ్ళ మీద పోస్తుంది.

"అల్లుడుగారూ, పైన కప్పు తీసేసి కింద పొయ్యెట్టేరేటి?"

"రెండు మలుపులే అత్తయ్యా, ఓర్చుకోండి."

మూడో మలుపులో చోటు దొరికింది. ఆపేశారు. పొగ చూసి ఒక లారీ క్లీనరు బకెట్టుతో నీళ్ళు పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. ఆ దయే ఇంజన్లని చంపుతుంది. కాగిపోతున్న ఇంజను మీద చన్నీళ్ళు పడితే హెడ్డు (ఇంజను పైభాగం) వంగుతుంది, ఒక్కోసారి పగులుతుంది. రేడియేటరు మూత కూడా ముట్టుకోకూడదు. ఒత్తిడిలో ఉన్న నీళ్ళు వంద డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటాయి, మూత తిప్పగానే ఒక్కసారిగా ఆవిరై మొహాన కొడతాయి. కనీసం అరగంట ఆగి, పై గొట్టాన్ని గుడ్డతో నొక్కితే మెత్తగా అణగాలి. అప్పుడు మూత, అదీ సగం తిప్పి ఆగి.

అరగంట ఆగేలోపు వాన పట్టుకుంది. కప్పు వెయ్యడం తెలిసిన ఆసామి ముందు బండిలో, ఘాటీలో ఫోను సిగ్నలు లేదు. బావగారు కప్పుతో కుస్తీ పట్టి ఎడమవైపు క్లిప్పు ఒకటి బిగించగలిగారు. దాని కింద అత్తగారు, అత్తగారి మీద గొడుగు.

వీళ్ళెంతకీ రాకపోయేసరికి ఆర్‌ఎస్ వెనక్కి తిరిగొచ్చింది. బావమరిది ఫ్యాను వైర్లు ఊడదీసి బ్యాటరీ నుంచి నేరుగా కరెంటిచ్చాడు. ఫ్యాను తిరిగింది, అంటే మోటారు మంచిదే. తర్వాత రేడియేటరు పక్కన వేడికి కలిసే స్విచ్చి రెండు పిన్నులూ తీగతో కలిపాడు. తిరగలేదు. ఇక మిగిలింది ఫ్యూజూ, ఫ్యానుకి కరెంటు కలిపే బుల్లి స్విచ్చి పెట్టె రిలే. ఫ్యూజు బాగుంది. రిలే ఉండాల్సిన గూడు ఖాళీగా ఉంది.

ఆసామి గొంతు సవరించుకున్నాడు. "హారను రిలే కాలిపోతే దీన్ని తీసి అటెట్టేనండి. రెండూ ఒకటే రకం. ఘాటీలో హారను ముఖ్యం కదండీ మరి."

వంద, రెండొందల రూపాయల సామాను. ఉన్నది ఒకటి. హారను గూట్లోంచి తీసి ఫ్యాను గూట్లో పెట్టారు. ఫ్యాను తిరిగింది, హారను పోయింది. పొట్టంగి దాకా ప్రతి మలుపులోనూ అత్తగారు సీట్లో సగం లేచి "ఒస్తన్నామర్రోయ్, తప్పుకోండి!" అని అరుస్తూ వచ్చారు. లారీలు నిజంగానే ఆగాయి.

దిగేటప్పుడు బావగారు ఆర్‌ఎస్ తీసుకుని, పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్లో వదిలారు. మిగలదు. గేరులో ఉంచి యాక్సిలరేటరు వదిలితే ఇంజెక్టర్లు పెట్రోలు పొయ్యడం మానేస్తాయి, న్యూట్రల్లో అయితే ఇంజను నిలబడ్డానికి పోస్తూనే ఉంటాయి. పైగా బండి బరువంతా బ్రేకుల మీద పడింది. ఐదారు మలుపులకి పెడలు మెత్తబడింది. బ్రేకు నూనె గాల్లో తేమని పీల్చుకుంటుంది. డాట్-4 నూనె కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక 155కే మరగచ్చు. నూనెలో బుడగలొస్తే పెడలు నొక్కినా బుడగలే నలుగుతాయి గానీ బ్రేకు పడదు. బావమరిది "బావా, రెండో గేరు!" అని అరిచాడు. వేసుకుంటూ వచ్చారు. రెండేళ్ళకోసారి మార్చాల్సిన నూనె ఆ బండిలో పుట్టినప్పటిదే. అయినా ఇది బేరం తగ్గించే లోపం, బండిని వదిలేసే లోపం కాదు. స్టార్మ్‌కి సామాన్లు దొరక్కపోవడం మాత్రం వదిలేసే లోపమే.

చివరికి ఆర్‌ఎస్సే ఖాయమైంది. నూనె, నాలుగు టైర్లు లెక్కకట్టి ధర తగ్గించారు. అప్పు తీరినట్టు బ్యాంకు కాగితంతో 35వ నంబరు ఫారం, ఆంధ్రా నుంచి నిరభ్యంతర పత్రానికి 28, పేరు మార్పుకి 29, 30. వేరే రాష్ట్రం నంబరుతో పన్నెండు నెలలకి మించి ఉంచడం కుదరదు కాబట్టి కొత్త రిజిస్ట్రేషనూ, ఒడిశా పన్నూ. ఓడీ-10 నంబరు వచ్చేదాకా పాత నంబరు మీద పడే చలాన్లు ఎవరివో కాగితం మీదే రాసుకున్నారు. బండిని ఎవరూ తిరిగి చూడ్డం లేదని బావగారి దిగులు అలాగే ఉంది.

స్టార్మ్‌ని రాయగడలో పెళ్ళి ఊరేగింపులకి అద్దెకిచ్చే ఆయన కొన్నాడు. కప్పు లేని బండి, వెనక బ్యాండు, ముందు టపాకాయలు, నడక వేగం. ఎదురుగాలన్నది ఆ వేగంలో బొత్తిగా ఉండదు, భారమంతా ఫ్యానుదే. రెండు రిలేలూ కొత్తవి వేయించుకోమని బావమరిది ఫోన్లో చెప్పాడు. ఊరేగింపుకి బ్యాండుంది, హారనెందుకని ఆయన ఒకటే కొన్నాడట. అది ఏ గూట్లో పెట్టాడో అడిగేలోపు ఫోను కట్టయింది.