షుగరు బోర్డు గారికి ఒక షుగరు తాతయ్య విన్నపం

బడి గోడ మీద కొలువైన మహారాజశ్రీ షుగరు బోర్డు గారి సముఖానికి,

రోజూ సాయంత్రం నాలుగింటికి బడి గేటు దగ్గర నిలబడే ఒక తాతయ్య నమస్కరించి చేసుకునే విన్నపం. ఇక్కడ మేమంతా క్షేమం. తమరి క్షేమం గోడకు కొట్టిన నాలుగు మేకుల దయ కనుక వాటికి కూడా నా నమస్కారాలు.

ముందుగా ఒక పొరపాటు ఒప్పుకోవాలి. తమరు మా మనవరాలి బడికి వచ్చిన రోజు, ఆ నాలుగో తరగతి పిల్ల సంచీ సోఫాలో పడేసి, "తాతయ్యా, మా బడికి షుగరు వచ్చింది!" అని కేక వేసింది. పన్నెండేళ్లుగా షుగరుతో కాపురం చేస్తున్న ప్రాణం నాది. "అయ్యో పాపం, ఎంత ఉందట?" అన్నాను. "పదమూడు శాతం" అంది. మందులు మొదలుపెట్టారా అని అడగబోతుంటే అసలు సంగతి బయటపడింది. నాలుగు నుంచి పదేళ్ల పిల్లలకు అందే కెలోరీల్లో 13 శాతం చక్కెర నుంచే వస్తున్నాయట. పదకొండు నుంచి పద్దెనిమిదేళ్ల వాళ్లకు 15 శాతమట. ఉండవలసింది 5 శాతమేనట. మర్నాడు కళ్లజోడు తుడుచుకుని తమరి ఒంటి మీద ఆ రంగురంగుల అక్షరాలన్నీ చదివాను. ఒక్కటీ అబద్ధం కాదు. అదే నా బాధ. తమరు అబద్ధాలు చెప్పే బోర్డు అయి ఉంటే ఈ ఉత్తరం ఒక్క పేజీలో అయిపోయేది.

తమరి జన్మవృత్తాంతం కూడా కనుక్కున్నాను. 2025 మే 14న సీబీఎస్‌ఈ అనే పెద్ద బోర్డు తన బడులన్నిటికీ ఒక సర్క్యులర్ పంపింది. అలా బోర్డు బోర్డును కన్నది. చక్కెర ఎంత తినాలి, తినేవాటిలో ఎంత ఉంది, మోతాదు దాటితే ఏమవుతుంది, బదులుగా ఏమి తినవచ్చు అనే నాలుగు ముక్కలు తమరి నుదుట రాయాలన్నది ఆజ్ఞ. ఆ జులైలోనే తమరికి ఒక తమ్ముడు కూడా పుట్టాడు, ఆయిల్ బోర్డు. పసివాడింకా మా బడికి రాలేదు, ఫ్లెక్సీ కొట్టువాడి దగ్గరే ఉన్నాడు.

జులై 15లోగా నివేదిక, ఫొటోలు అప్‌లోడ్ చేయాలన్నారు. ఇక చూడాలి మా బడి వారి శ్రద్ధ! తమరిని గోడకు కొట్టడానికి ఇరవై నిమిషాలు పడితే ఫొటో తీయడానికి గంటన్నర పట్టింది. పిల్లలను ఎత్తు ప్రకారం నిలబెట్టి తలా ఒక ఆపిల్ చేతికిచ్చారు. ఫొటో అయ్యాక ఆపిళ్లు లెక్కపెట్టి వెనక్కి తీసుకున్నారు. ఒకటి తగ్గిందట. ఆ ఒక్క ఆపిల్‌ను కొరికిన బిడ్డ ఎవరో తెలియదు కానీ, తమరి మాట అక్షరాలా పాటించిన ఏకైక విద్యార్థి ఆ బిడ్డే.

తరువాత తమరి గౌరవార్థం చిత్రలేఖనం పోటీ పెట్టారు. మొదటి బహుమతి పాలలో కలుపుకునే పొడి డబ్బా. దాన్ని బహుమతిగా పెట్టిన టీచరమ్మను నేను తప్పు పట్టను, మనమందరం దాన్ని బలానికే తాగి పెరిగాం. ఆహార భద్రత, ప్రమాణాల చట్టంలో 'హెల్త్ డ్రింక్' అనే వర్గమే లేదని, ఇలాంటి పొడులను ఆ పేరు కింద చూపించవద్దని 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ ఆన్‌లైన్ అంగళ్లకు చెప్పింది. అంగళ్లు పేరు మార్చాయి. డబ్బాలోని పొడికి ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.

ఇప్పుడు అసలు ఫిర్యాదు. గేటు ఎదురుగా ఉన్న కొట్టతను నాకు బాగా తెలుసు, మంచివాడు, నిలబడితే స్టూలు వేస్తాడు. మొన్న నవ్వుతూ అన్నాడు: "బాబాయి గారూ, ఈ మధ్య పిల్లలు పేరు చెప్పి అడగడం లేదండీ. ఏడు చెంచాలది ఒకటి, మూడు చెంచాలది ఒకటి అంటున్నారు." తమరి మీద శీతల పానీయం సీసా పక్కన ఏడు చెంచాల చక్కెర బొమ్మ ఉంది కదా, పిల్లలు దాన్ని అంత చక్కగా కంఠస్థం చేశారు. పెద్దలు హెచ్చరిక అనుకున్నది పిల్లలకు ధరల పట్టీ అయింది. ఒకే డబ్బుకు ఏడు చెంచాలు దొరుకుతుంటే మూడు చెంచాలది ఎవరు కొంటారండీ? లెక్కలు మనమే కదా నేర్పింది.

ఆ కొట్టు అక్కడ ఉండవచ్చా అని తమరు అడగవచ్చు. కొట్టు ఉండవచ్చు, కొట్టులోని ఆ సరుకు ఉండకూడదు. కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువ ఉన్న తిండి బడి గేటు నుంచి ఎటు చూసినా 50 మీటర్ల లోపల అమ్మకూడదని దేశ ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన తెచ్చింది. దీని కోసం ఢిల్లీ హైకోర్టులో వ్యాజ్యం పడింది 2010లో, నిబంధన గెజిట్‌లోకి ఎక్కింది 2020 సెప్టెంబరులో. పదేళ్లకు యాభై మీటర్లు, అంటే ఏడాదికి అయిదు మీటర్లు. నత్తకు ఈ లెక్క చెబితే నవ్వుతుంది. గేటు నుంచి కొట్టుకు నేను అడుగులు వేసి కొలిచాను. ముప్పై ఎనిమిది. అవీ మోకాళ్ల నొప్పులవాడి అడుగులు. కొలత టేపుతో వచ్చే అధికారి కోసం నాలుగింటికి నేను, కొట్టతను ఇద్దరం ఎదురుచూస్తుంటాం. అతనికి భయం, నాకు కుతూహలం. ఇప్పటికి ఇద్దరికీ నిరాశే.

అయినా పది నిమిషాల్లో ఇంటి గుమ్మానికే ఐస్‌క్రీం తెచ్చే రోజుల్లో యాభై మీటర్లు ఎక్కడి నుంచి కొలవాలో నాకు తెలియదు. పిల్ల చేతిలోని ఫోను నుంచా?

దసరా మాట చెప్పాలి. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ తగ్గింది. పొదుపు ఉత్సవం అన్నారు. చాక్లెట్లు, బిస్కెట్లు, ఐస్‌క్రీం 18 శాతం నుంచి 5 శాతానికి, నూడుల్స్, మిక్చర్ పొట్లాలు 12 నుంచి 5కు దిగాయి. గ్యాసు పానీయాలను మాత్రం 40 శాతంలో కూర్చోబెట్టారు, అది ఒప్పుకోవాలి. పళ్లకు పన్ను ముందు నుంచీ లేదు, అదీ ఒప్పుకోవాలి. కానీ ఆ వారం తమరి కింద నిలబడి ఉంటే నాకు జాలేసింది. తమరేమో గోడ మీద నుంచి "తగ్గించండి, తగ్గించండి" అంటున్నారు. ఢిల్లీ వాళ్లు నిజంగానే తగ్గించారు, ధర! ఇదే దేశంలో 2016లో కేరళ బర్గర్లు, పిజ్జాల మీద 14.5 శాతం కొవ్వు పన్ను వేసింది. మరుసటి ఏడు జీఎస్టీ వచ్చి దాన్ని మింగేసింది. అరిగిందో లేదో తెలియదు.

పొట్లం మీద నక్షత్రాల కథ తమరు వినే ఉంటారు. ముందువైపు పెద్దగా కనబడేటట్టు ఆరోగ్య రేటింగు వేద్దామని 2022 సెప్టెంబరులో ముసాయిదా వచ్చింది. అన్నిటికంటే మంచిదానికి అయిదు నక్షత్రాలు, అన్నిటికంటే చెడ్డదానికి అర నక్షత్రం. మా మనవరాలికి లెక్కల్లో ఏమీ రాకపోతే సున్నా వేస్తారు, చిప్స్ పొట్లానికి మాత్రం ఫెయిలవడం ఉండదు. చిలీ దేశంవాళ్లు 2016లోనే నల్లటి ఎనిమిది మూలల హెచ్చరిక ముద్ర గుద్ది ఊరుకున్నారు. మనది సంస్కారం గల దేశం, ఎంత చెడ్డవాడికైనా ఎంతో కొంత మర్యాద చేసి పంపుతాం.

మర్యాద అంటే గుర్తొచ్చింది. మా హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారి సంగతి తమరికి తెలియాలి, ఎందుకంటే ఆవిడ చేసింది కూడా తమరి ఉద్యోగమే, జీతం లేకుండా. విరేచనాలతో నీరసించిన పిల్లలకు పట్టే ఓఆర్‌ఎస్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం లీటరుకు 13.5 గ్రాముల గ్లూకోజు ఉంటుంది. అదే పేరు అట్ట మీద వేసుకుని మందుల దుకాణాల్లో కూర్చున్న తియ్యటి పానీయాల్లో లీటరుకు సుమారు 120 గ్రాముల చక్కెర ఉందని ఆవిడ మొత్తుకున్నారు. ఎనిమిదేళ్లు మొత్తుకున్నారు. మధ్యలో 2022లో ఒక విచిత్రం జరిగింది. 'ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసిన ఓఆర్‌ఎస్ కాదు' అని పక్కన రాసుకుంటే ఆ పేరు వాడుకోవచ్చని అనుమతి దొరికింది. చెంబు మీద 'పాలు' అని పెద్దగా రాసి, అడుగున 'ఇవి పాలు కావు' అని చెక్కించినట్టు. జ్వరంతో వేలాడిపోతున్న బిడ్డను భుజాన వేసుకున్న తల్లి ఆ చెంబును తలకిందులు చేసి చదువుకోవాలి కాబోలు. చివరికి 2025 అక్టోబరులో ఆ పేరు వాడకూడదని ఉత్తర్వు వచ్చింది. ఆ వార్త చెబుతూ డాక్టరమ్మ ఏడ్చేశారు. వీడియో చూసి మా ఆవిడా ఏడ్చింది. మూడంటే మూడు అక్షరాలు తీయించడానికి ఎనిమిదేళ్లు పట్టిన చోట, తమరు గోడ మీద ఇన్ని అక్షరాలు పెట్టుకుని ఏమి సాధించగలరని నా అనుమానం.

నూనె సంగతి తమరి తమ్ముడికి రాయవలసింది. వాడింకా రాలేదు కనుక తమరికే చెబుతున్నాను. 2025 ఫిబ్రవరి 23న ప్రధానమంత్రి గారు మన్ కీ బాత్‌లో వంటనూనె పది శాతం తగ్గించుకోమన్నారు. మంచి మాటే. ఆవకాయ జాడీలో వేలు మునిగేంత నూనె తేలకపోతే నిలవుండదని వాదించే మా ఇంటికి మరీ మంచి మాట. అయితే ఆ మాట దొర్లుకుంటూ వెళ్లి ప్రభుత్వ బడి వంటపాకలో పడింది. మధ్యాహ్న భోజనంలోనూ పదో వంతు తగ్గించాలని కేంద్ర విద్యాశాఖ రాష్ట్రాలకు చెప్పింది. ప్రాథమిక పాఠశాల పిల్లకు రోజుకు కేటాయించిన నూనె 5 గ్రాములు. అందులో పదో వంతు అర గ్రాము. మా ఊరి బడిలో వంట చేసే ఆవిడను అడిగాను. అరవై మంది పిల్లలకు 300 గ్రాముల నూనె, అందులో తీసేయవలసింది 30 గ్రాములు. ఆవిడ కాసేపు ఆలోచించి, "తాలింపు గరిటెకు అంటుకున్నది లెక్కలోకి వస్తుందా అండీ?" అంది. నా దగ్గర సమాధానం లేదు. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో అయిదేళ్ల లోపు పిల్లల్లో బరువెక్కిన వాళ్లు నూటికి 3.4 మంది, అంతకుముందు సర్వేలో 2.1. పెరిగింది, కాదనను. అదే సర్వేలో ఎత్తు ఎదగక గిడసబారిన వాళ్లు నూటికి 35 మందికి పైనే. ఒకే సలహా చీటీ ఇద్దరికీ పంపితే, లావుపాటి పిల్ల దాన్ని చదవదు, సన్నపు పిల్లకు కూరలో నూనె తగ్గుతుంది.

ఇంత మాట్లాడుతున్నాను కానీ మా ఇంటి సంగతి దాచను. పిల్ల కాస్త ఒళ్లు చేస్తే మా ఆవిడ దిష్టి తీస్తుంది, కాస్త చిక్కితే సున్నుండలు చుడుతుంది. బరువు తూచే యంత్రం కన్నా ఆవిడ కన్ను కచ్చితమని ఆవిడ నమ్మకం, బొద్దుగా ఉంటేనే ముద్దని ఆవిడ సిద్ధాంతం. ఇక ఆటలంటారా, బడి మైదానంలో ఇప్పుడు బస్సులు నిలుస్తున్నాయి. వారానికి రెండు ఆటల పీరియడ్లలో ఒకటి లెక్కల మాస్టారు అప్పు తీసుకుంటారు, తీర్చడం నేను చూడలేదు. కాబట్టి తమరి ముందు నిలబడి చదివే వ్యాయామం ఒక్కటే మా పిల్లకు మిగిలింది.

ఒక్క ఇంట్లో మాత్రం తమరు గెలిచారు, మా ఇంట్లోనే. నేను అలమరలో పప్పు డబ్బా వెనక దాచుకున్న తాపేశ్వరం కాజాలను మనవరాలు పట్టుకుంది. డబ్బా తీసుకెళ్లి నానమ్మ ముందు పెట్టి, "రోజుకు 25 గ్రాములు దాటకూడదు, బోర్డు మీద ఉంది" అని తీర్పు చెప్పింది. శిక్ష అమలు చేయడానికి మిగిలిన రెండు కాజాలూ తానే తినేసింది.

ఇంతకీ ఈ ఉత్తరం ఎందుకు రాస్తున్నానంటే, నాలుగు రోజులుగా తమరు కనబడటం లేదు. వార్షికోత్సవం ఫ్లెక్సీని తమరి మీదుగా కట్టారు. అడుగున సమర్పకుల పేరు పెద్దక్షరాలతో ఉంది, ఐస్‌క్రీం పార్లరు. వాచ్‌మన్‌ను అడిగితే గోడ మీద మేకులు అక్కడే ఉన్నాయి కదా అన్నాడు. అది న్యాయమే అనిపించింది. ఉత్తరాన్ని మడిచి ఫ్లెక్సీ వెనక, తమరి 'ఆరోగ్యకరమైన ప్రత్యామ్నాయాలు' అనే గడి దగ్గర దూర్చి వెళ్తున్నాను. తీరిక ఉన్నప్పుడు చదువుకోగలరు. తీరికే కదా ఇప్పుడు తమరికి ఉన్నది.

ఇట్లు,
తమరి విధేయుడు,
నాలుగింటి గేటు దగ్గరి తాతయ్య

తా.క.: ఉత్తరం దూర్చేటప్పుడు చూశాను, తమరి కుడి మూల నుంచి ఏడు చెంచాల బొమ్మ దాకా చీమలు బారు కట్టాయి. ఇన్నాళ్లకు మనసు పెట్టి చదివేవాళ్లు దొరికారని సంతోషించాను. దగ్గరికి వెళ్తే ఎవరిదో పుట్టినరోజు కేకు క్రీము.