డాక్టరు గారి బండి అట!

“ఒక్క చేతి మీద నడిచిన బండి సార్, డాక్టరు గారిది” అన్నాడు తిరుపతిలో పాత కార్లు అమ్మిపెట్టే ఒక దళారి. మీటరు 42,000 కిలోమీటర్లు చూపిస్తోంది. క్లచ్ పెడల్ రబ్బరేమో అరిగి అద్దంలా మెరుస్తోంది! నంబరు పలక అంచున తెల్ల రంగు కింద పసుపు తొంగి చూస్తోంది. తిరుమల ఘాట్ రోడ్డు ఎక్కి దిగి అలసిపోయిన టాక్సీకి డాక్టరు గారి పేరు తగిలించడానికి నోరెలా వచ్చిందో! ఆర్‌సీలో బ్యాంకు అప్పు అలాగే ఉంది. అప్పు తీరిందని తెలిపే ఫారం 35, బ్యాంకు నిరభ్యంతర పత్రం ఏవీ అంటే, “అవన్నీ తర్వాత, ముందు అడ్వాన్సు ఇవ్వండి” అట. మెకానిక్‌ను తెస్తానంటే ముఖం మాడ్చుకున్నాడు. పైగా కొండ వైపు చేయెత్తి ఒట్టు ఒకటి! ఆ స్వామిని కూడా వదలరా వీళ్ళు?