సవరణ: ఆపిల్ ఆవకాయ బయట నిలవ ఉండదు

మిషిగన్‌లో సెప్టెంబరు, అక్టోబరు వచ్చాయంటే తోటల్లో కోసుకొచ్చిన ఆపిల్స్ ఇంటినిండా ఉంటాయి. వాటితో పెట్టే ఆవకాయ గురించి రాస్తూ, మామిడికాయ ఆవకాయలాగే జాడీలో ఏడాదంతా బయట ఉంచుకోవచ్చన్నాను. అది సరికాదు. పచ్చి మామిడికున్నంత పులుపు ఆపిల్‌కి లేదు. గ్రానీ స్మిత్ లాంటి పుల్లటి రకమైనా సరే, ముక్కలు తడి లేకుండా తుడిచి, నిమ్మరసం బాగా పిండి, ఫ్రిజ్‌లోనే పెట్టండి. కొద్దికొద్దిగా కలుపుకొని త్వరగా వాడేయండి. పైన నూనె తేలుతోంది కదా అని ధీమా వద్దు. బోట్యులిజం అనే ప్రాణాంతకమైన ఆహార విషం తెచ్చే బ్యాక్టీరియా, నూనె కింద లాగా గాలి తగలని చోటే పెరుగుతుంది. దయచేసి దీన్ని తేలిగ్గా తీసుకోకండి.

ఇంకొకటి, పెరటి హబనేరోల (బాగా ఘాటైన మిరపకాయల) సంగతి. గింజలు తీసేస్తే కారం పోతుందని రాశాను. కారం తయారయ్యేది గింజల్లో కాదు, అవి అంటుకుని ఉండే తెల్లటి పొరలో. కాయను నిలువుగా చీరితే ఆ పొర మీద పసుపుపచ్చని నూనె మెరుపు కనిపిస్తుంది. మంటంతా అక్కడే. గ్లౌజులు వేసుకుని, చెంచాతో దాన్ని గీకేయండి. పిల్లలు కూడా తినే పచ్చడికి మాత్రం హబనేరో వద్దు, అంతకంటే కారం తక్కువుండే హలపేన్యో మిరప చాలు.

రాత్రి మంచు పేరుకునేలోపే మిరపకాయలన్నీ కోసేసుకోవాలన్న మాటలో మార్పు లేదు.