పోనిదీ లూటీయేనా?

పర్లాకిమిడిలో మా వీధి చివరింట్లో దొంగలు పడ్డారు. బీరువా విరిచారు, పరుపులు చీరారు, బియ్యం డబ్బాలు బోర్లించారు. "ఏటి పోయింది పిన్నీ?" అని అడిగితే, "ఏటీ పోనేదు బాబూ, ఇల్లే ఇలాగైపోయింది" అంది. మర్నాడు ఇంగ్లీషు పేపరు 'ర్యాన్‌సాక్‌డ్' అని రాసింది. మా వాట్సాప్ గ్రూపులో అది 'ఇల్లు లూటీ' అయిపోయింది. ఇక బంగారం ఎంత పోయిందంటూ ఒకటే ఫోన్లు. ఉన్న టెన్షన్ చాలదన్నట్టు!

ఆ ఇంగ్లీషు మాటకు సొత్తు పోవాలన్న నియమం లేదు. అది స్కాండినేవియా వాళ్ల పాత నార్స్ భాష నుంచి వచ్చింది. మొదటి సగానికి ఇల్లు, రెండో సగానికి వెతకడం అని అర్థం. తమాషా ఏమిటంటే, అక్కడ దొంగసొత్తు కోసం ఇల్లు సోదా చేయడాన్నే అలా అనేవారు. ఇప్పుడు దొంగ చేసే సోదాకి ఆ పేరు. దేనికోసమో గాలిస్తూ ఇల్లంతా చిందరవందర చేయడం అందులో అసలు సంగతి. ఏదైనా పట్టుకుపోయారా లేదా అన్నది విడిగా చెప్పాలి.

'ర్యాన్‌సాక్' చివర వినిపించే 'సాక్' చూసి ఊళ్లను కొల్లగొట్టే 'సాక్'తో చుట్టరికం కలుపుతారు. ఈ రెండో 'సాక్' పుట్టుక వేరు, సంచి అనే మాట నుంచి వచ్చింది. 1527లో జీతాలు అందని సైన్యం రోమ్ నగరం మీద పడి చేసింది అదీ. అక్కడ కొల్లగొట్టడం అంటేనే సరి. ఇక 'లూట్' మన దేశపు సరుకే. ఈస్టిండియా కంపెనీ వాళ్లు హిందీ నుంచి ఎత్తుకుపోయారు. దోచుకోవడానికి మాట కూడా ఇక్కడే దొరికింది వాళ్లకి!

మూడింటికీ 'లూటీ' అని రాసేయడం బద్ధకమే అంటాను. పార్టీ ఆఫీసులో జొరబడి ఫైళ్లు చిందరవందర చేస్తే అది గొడవ. లూటీ అని రాస్తే, జరగని దొంగతనం కూడా వాళ్ల నెత్తిన పడుతుంది. గిడుగు రామమూర్తిగారు ఇదే ఊళ్లో ఉంటూ సవర గిరిజనుల నోటి మాటలు ఒక్కొక్కటిగా పోగేసి నిఘంటువు కట్టారు. మనం ఉన్న మాటలే వాడుకోం.

పిన్ని వారం రోజులు అరుగు మీద కూర్చుని బియ్యంలో గాజుపెంకులు ఏరుకుంది. ఫోన్ చేసినవాళ్లెవరూ ఆ బియ్యం సంగతి అడగలేదట.